విశాఖ రైల్వే స్టేషన్ పట్టాల అమరిక, పాత కట్టడాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం స్టేషన్ గురించి అడిగేవాళ్లు ముఖ్యంగా రెండు రకాలు. రైలు వెనక్కి నడుస్తోందేమని కంగారుపడేవాళ్లు కొందరు. ఇంత పాత స్టేషన్‌లో పాత కట్టడాలేవీ కనబడవేమని నిరాశపడేవాళ్లు మరికొందరు. ఇద్దరికీ చెప్పవలసిన మాట ఒకటే. ఇక్కడి పాతదనం గోడల్లో తక్కువ, పట్టాల్లో ఎక్కువ.

హైదరాబాద్ నుంచి భువనేశ్వర్ వెళ్తున్నాను. విశాఖలో ఆగిన రైలు వచ్చిన వైపే బయల్దేరింది. దారి తప్పిందా?

లేదు, సరిగ్గానే వెళ్తోంది. చెన్నై నుంచి హౌరా వెళ్లే ప్రధాన మార్గం మీద విశాఖ స్టేషన్ తిన్నగా కూర్చుని లేదు. మార్గం నుంచి తూర్పుకు, సముద్రం వైపుకు చీలి వచ్చిన కొసన ఉంది. విజయవాడ వైపు నుంచి వచ్చే రైలు అనకాపల్లి, దువ్వాడ దాటి గోపాలపట్నం, మర్రిపాలెం మీదుగా ఊళ్లోకి వస్తుంది. విజయనగరం వైపు వెళ్లాలంటే మళ్లీ ఆ మర్రిపాలెం మీదుగానే వెనక్కి వెళ్లి, గోపాలపట్నం దగ్గర ఉత్తరానికి మళ్లి, పెందుర్తి, కొత్తవలస వైపు సాగాలి. అందుకే రాత్రి పడుకున్నవాళ్లు తెల్లారి లేచేసరికి తల ఒక దిక్కుకు, ప్రయాణం మరో దిక్కుకు ఉంటుంది.

కాగితం మీద గీసుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. పడమటన ఒక త్రిభుజం గీయండి. దాని ఒక మూల దువ్వాడ, మరో మూల సింహాచలం నార్త్, మూడో మూల గోపాలపట్నం దగ్గరి సింహాచలం స్టేషన్. ఈ మూడో మూల నుంచి తూర్పుకు ఒక గీత లాగితే దాని చివర విశాఖపట్నం. పేరుకు జంక్షనే కానీ, ప్రయాణికుల రైళ్లకు ఆచరణలో ఇది చిట్టచివరి స్టేషన్. లోపలికి రావడానికీ బయటికి పోవడానికీ ఒకటే దిక్కు.

అలా ఎందుకు కట్టారు? స్టేషన్ దాటి తిన్నగా ముందుకు పోయేలా వేయవచ్చు కదా?

ముందుకు పోవడానికి చోటెక్కడుంది? ఊరి నైసర్గిక స్వరూపం చూడండి. ఉత్తరాన సింహాచలం కొండల వరుస. దక్షిణాన యారాడ కొండ, దాని చివర సముద్రంలోకి పొడుచుకొచ్చిన డాల్ఫిన్స్ నోస్. తూర్పున బంగాళాఖాతం. ఇప్పుడు ఓడలు నిలబడే లోపలి రేవు ఉన్న చోట, రైలు వచ్చిన రోజుల్లో ఉప్పుటేరు, బురద నేలలు ఉండేవి. అంటే మూడు వైపులా కొండ, సముద్రం, చిత్తడి. తెరిచి ఉన్నది పడమటి వైపు ఒక్కటే.

విజయనగరం నుంచి వచ్చే పట్టాలు సింహాచలం కొండల పడమటి పాదం చుట్టి వస్తాయి. అనకాపల్లి నుంచి వచ్చేవి కూడా పడమటి నుంచే వస్తాయి. రెండూ ఊళ్లోకి దూరేది ఆ ఒక్క సందులోంచే. ఆవిరి ఇంజన్ల కాలంలో అదేమంత ఇబ్బందిగా తోచి ఉండదు. ఇంజన్‌కు నీళ్లు, బొగ్గు కోసం పెద్ద స్టేషన్లలో ఎలాగూ ఎక్కువసేపు ఆగవలసి వచ్చేది. పైగా కొన్నాళ్లకే రెండు వేర్వేరు రైల్వేల సరిహద్దు ఇక్కడికే వచ్చింది. ఒక కంపెనీ పని ముగిసేచోట మరో కంపెనీ పని మొదలయ్యేటప్పుడు, ఇంజన్ మారడం మామూలు విషయం.

ఇంజన్ మార్చేటప్పుడు ఏమి జరుగుతుంది? అంతసేపు ఎందుకు ఆగుతుంది?

కోరమాండల్ లాంటి పెద్ద రైళ్లకు ఇక్కడ దాదాపు 20 నిమిషాల హాల్టు ఉంటుంది. ఆ సమయాన్ని టీ కొట్టు దగ్గరే గడిపేవాళ్లు ఒక మంచి దృశ్యాన్ని వదులుకుంటున్నట్టే. రైలు ఆగగానే షంటింగ్ సిబ్బంది ఒకరు ఇంజన్‌కూ మొదటి పెట్టెకూ మధ్య దిగుతారు. ముందు గాలి గొట్టాల మూతలు తిప్పి మూస్తారు. గొట్టాలు విడదీసేటప్పుడు లోపల మిగిలిన గాలి బుస్సుమంటూ బయటికి వస్తుంది. తర్వాత కప్లింగ్, అంటే ఇంజన్‌నూ పెట్టెనూ కలిపి ఉంచే కొక్కెం, విప్పుతారు. చేయి ఊపగానే పాత ఇంజన్ మెల్లగా జరిగిపోతుంది.

ఈలోగా రైలు రెండో కొసన, అంటే ఇంతవరకు తోకగా ఉన్నచోట, కొత్త ఇంజన్ వచ్చి చేరుతుంది. కొద్ది అడుగుల దూరంలో ఒకసారి ఆగి, తర్వాత నడక వేగం కన్నా నెమ్మదిగా వచ్చి తాకుతుంది. పెట్టెలో కూర్చున్నవాళ్లకు చిన్న కుదుపు తెలుస్తుంది. గొట్టాలు కలిపాక గాలి ఒత్తిడి రైలు పొడవునా నిండాలి. రెండో కొసన ఉన్న గార్డు తన గేజిలో ఒత్తిడి సరిగ్గా చూపిస్తోందని నిర్ధారించుకోవాలి. ఆ బ్రేకు పరీక్ష పూర్తయ్యేదాకా సిగ్నల్ పచ్చగా ఉన్నా రైలు కదలదు. అసలు సమయం పట్టేది ఇంజన్ మార్చడానికి కన్నా ఈ పరీక్షకే.

వందే భారత్‌కు ఈ తతంగం లేదు. రెండు కొసలా డ్రైవరు గది ఉంటుంది కాబట్టి లోకో పైలట్ ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్తే చాలు. సికింద్రాబాద్ వందే భారత్ 2023 సంక్రాంతి నాడు, జనవరి 15న మొదలైంది. సౌకర్యమే కానీ, చూసేవాళ్లకు మాత్రం అందులో ఏమీ మిగల్లేదు.

నా బోగీ ముందు వైపు ఉంటుందా, వెనక వైపా?

విశాఖ వరకు ముందున్న బోగీ విశాఖ తర్వాత వెనక్కి పోతుంది. విజయవాడలో ఎక్కినప్పుడు ఇంజన్ పక్కనే ఉన్న పెట్టె, బరంపురంలో దిగేసరికి రైలు చివర ఉంటుంది. మిమ్మల్ని దింపుకోవడానికి వచ్చేవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పండి. పెద్దవాళ్లు ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగులు పెట్టనక్కర్లేదు.

కిటికీ సీటు విషయం కూడా అంతే. విశాఖకు ముందు ఎదురుగాలి తగిలే సీటు, తర్వాత వెనక్కి చూసే సీటు అవుతుంది. కుడి ఎడమలు కూడా తారుమారవుతాయి. రైలు తిరగదు, దిక్కు మాత్రమే మారుతుంది కాబట్టి.

కొన్ని రైళ్లు విశాఖ రాకుండా దువ్వాడ మీదుగానే పోతున్నాయి. ఎందుకు?

పైన చెప్పిన త్రిభుజంలో దువ్వాడకూ సింహాచలం నార్త్‌కూ మధ్య ఉన్న భుజం అందుకే. ఆ దారిన పోయే రైలు విశాఖ కొసకు వచ్చి వెనక్కి తిరగవలసిన పని లేదు. దూరం, సమయం రెండూ కలిసొస్తాయి. గూడ్సు రైళ్లకు అది ఎంతో అవసరం. కొన్ని దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌లు కూడా అలాగే వెళ్తాయి. రైల్వేకు అది లాభమే. రాత్రివేళ దువ్వాడలో సామానుతో దిగి, సుమారు 17 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లోకి ఆటో బేరమాడే ప్రయాణికుడి లెక్క వేరు. టికెట్ తీసుకునేటప్పుడే స్టేషన్ పేరు విశాఖపట్నమా, దువ్వాడా అన్నది చూసుకోండి. గాజువాక, స్టీల్ ప్లాంటు వైపు ఉండేవాళ్లకు మాత్రం దువ్వాడే దగ్గర.

వాల్తేరు స్టేషన్ ఎక్కడుంది? పాత టికెట్ మీద ఆ పేరు చూశాను.

ఇదే. 1987 వరకు ఈ స్టేషన్ పేరు వాల్తేరు. ఆ ఏడాది విశాఖపట్నంగా మార్చారు. 1974 ఫిబ్రవరి 1న గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైనప్పుడు అది వాల్తేరు, హైదరాబాద్ మధ్య నడిచే రైలే. పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ‘వాల్తేరు’ అనే వస్తుంది.

అయితే వాల్తేరు అని ఊళ్లో పిలిచే ప్రాంతం వేరు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఎత్తయిన నేల అది. ఆటో ఎక్కి వాల్తేరు అంటే అక్కడికే తీసుకెళ్తారు, స్టేషన్‌కు కాదు.

ఈ లైను ఎవరు వేశారు? ఎప్పుడు?

ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వేసింది. కటక్ నుంచి బెజవాడ దాకా మార్గాన్ని 1893 నుంచి 1896 మధ్య ముక్కలు ముక్కలుగా తెరిచారు. అప్పటికి గోదావరి మీద రైలు వంతెన లేదు. రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన 1900లో పూర్తయ్యాకే రైలు నది దాటింది. అంటే వాల్తేరుకు రైలు వచ్చిన మొదటి ఏళ్లలో మద్రాసు వెళ్లేవాళ్లు గోదావరిని పడవ మీద దాటవలసిందే.

తర్వాతి కథే ఈ స్టేషన్‌కు ప్రాధాన్యం తెచ్చింది. వాల్తేరుకు దక్షిణాన ఉన్న భాగాన్ని 1901లో మద్రాస్ రైల్వే తీసుకుంది. ఉత్తరాన కటక్ దాకా ఉన్న భాగం, పూరీ శాఖతో సహా, 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వెళ్లింది. 1908లో మద్రాస్ రైల్వే స్థానంలో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వచ్చింది. రెండు కంపెనీలు, రెండు రకాల ఇంజన్లు, రెండు పద్ధతులు, మధ్యలో వాల్తేరు. మద్రాసు వైపూ కలకత్తా వైపూ చూస్తూ పెరిగిన స్టేషన్ ఇది.

ఆ సరిహద్దు గీత తర్వాత కూడా చాలాకాలం చెరిగిపోలేదు. స్వాతంత్ర్యం వచ్చాక దక్షిణ భాగం 1951లో దక్షిణ రైల్వేలోకి, 1966లో దక్షిణ మధ్య రైల్వేలోకి వెళ్లింది. వాల్తేరు మాత్రం 1952లో తూర్పు రైల్వేలో, 1955లో ఆగ్నేయ రైల్వేలో, 2003లో తూర్పు కోస్తా రైల్వేలో చేరింది. తెలుగు ఊరి స్టేషన్‌కు పైఅధికారులు కోల్‌కతాలోనో భువనేశ్వర్‌లోనో ఎందుకున్నారని ఇక్కడివాళ్లు ఏళ్ల తరబడి గొడవపడడానికి మూలం, 1901, 1902ల్లో ఈ లైను రెండు కంపెనీల మధ్య పంపకం కావడమే.

ఇప్పుడున్న స్టేషన్ భవనం బ్రిటిష్ కాలం నాటిదేనా?

బయటి నుంచి కనిపించే ముఖం కాదు. చెన్నై సెంట్రల్‌నో హౌరానో మనసులో పెట్టుకుని ఎర్ర ఇటుక గోపురాలు, గడియారపు బురుజు వెతికితే నిరాశే మిగులుతుంది. ఇది కంపెనీ ప్రధాన కార్యాలయం ఉన్న స్టేషన్ కాదు, రెండు కంపెనీల కొసలు కలిసినచోటు. అలాంటిచోట్ల డబ్బు యార్డుకూ ఇంజన్ షెడ్డుకూ సిబ్బంది ఇళ్లకూ పోయేది, ముఖద్వారానికి కాదు. రద్దీ పెరిగినకొద్దీ ప్లాట్‌ఫారాలు పెరిగాయి, హాళ్లు పెరిగాయి, కప్పులు మారాయి. ఇప్పుడు 8 ప్లాట్‌ఫారాలున్నాయి. ఉప్పుగాలి కూడా తన వంతు పని చేసింది. సముద్రానికి ఇంత దగ్గర ఇనుము నూరేళ్లు నిలవడమంటే మాటలు కాదు.

మరి స్టేషన్‌లో, చుట్టుపక్కల పాత ఆనవాళ్లు ఎలా గుర్తుపట్టాలి?

నాకు ఎక్కువ ఇష్టమైన ప్రశ్న ఇది. భవనాన్ని వదిలేసి చిన్న వస్తువుల మీద చూపు నిలపండి.

ముందుగా స్తంభాలు. రైల్వేలో అరిగిన పట్టా వృథాగా పోదు. దాన్ని కోసి కంచె గుంజగానో, షెడ్డు నిట్రాడగానో, లెవెల్ క్రాసింగ్ దగ్గర అడ్డంగానో పాతుతారు. రైల్వే స్థలాల చుట్టూ అలాంటి గుంజలు ఎక్కడైనా కనబడితే దగ్గరకు వెళ్లి పక్కవాటు చూడండి. పట్టా మధ్య సన్నని భాగం మీద ఉబ్బెత్తు అక్షరాలుంటాయి. తయారుచేసిన కర్మాగారం పేరు, బరువు సూచించే అంకె, తయారైన సంవత్సరం, ఒక్కోసారి నెలను తెలిపే గీతలు కూడా. ఏళ్ల తరబడి రంగు మీద రంగు వేసినందువల్ల కంటికి ఆనవు. వేలితో తడిమితే తెలుస్తాయి. సాయంత్రం ఏటవాలు ఎండలో చూస్తే ఇంకా బాగా చదవవచ్చు. టాటాలు జంషెడ్‌పూర్‌లో 1912 నుంచి పట్టాలు తయారుచేయడం మొదలుపెట్టారు. అంతకుముందువన్నీ ఓడలో వచ్చినవే. భవనానికి వయసు చెప్పే పలక ఉండకపోవచ్చు, ఈ గుంజ మాత్రం తన పుట్టిన సంవత్సరం ఒంటి మీదే మోస్తుంది.

రెండోది ఇళ్లు. దొండపర్తిలో డివిజనల్ రైల్వే మేనేజర్ కార్యాలయం పరిసరాలు, రైల్వే న్యూ కాలనీ, తాటిచెట్లపాలెం వైపు నడిస్తే రైల్వే క్వార్టర్లు ఒక తీరుగా వరుసలు కట్టి ఉంటాయి. పాత క్వార్టర్లను గుర్తుపట్టడం ఎలాగంటే: మందపాటి గోడలు, ఎత్తయిన కప్పు, కప్పు కింద వేడిగాలి పోవడానికి చిన్న కిటికీలు, ముందు వసారా, మంగళూరు పెంకు. ఇల్లు పెద్దదయ్యేకొద్దీ కాంపౌండు పెరుగుతుంది, పనివాళ్ల గదులు ఇంటికి దూరమవుతాయి. కంపెనీల కాలంలో డ్రైవర్లు, గార్డుల్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవాళ్లు ఎక్కువ. ఎవరు ఏ హోదాలో పనిచేశారో వీధి వెడల్పు చూసి చెప్పగలిగేలా ఆ కాలనీలను కట్టారు. ఆ వివక్షను మెచ్చుకోనక్కర్లేదు. చెట్లను మాత్రం మెచ్చుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊళ్లో చెట్లను పెకలించాక, మిగిలిన ముసలి చెట్ల విలువ ఇంకా పెరిగింది.

మూడోది, ప్లాట్‌ఫారం చివరన నిలబడి పట్టాల అల్లిక చూడడం. మర్రిపాలెం వైపు కొసకు వెళ్తే, 8 ప్లాట్‌ఫారాల పట్టాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలుస్తూ సన్నబడడం కనిపిస్తుంది. స్టేషన్ మొత్తం ఆ గొంతులోంచే ఊపిరి తీసుకుంటుంది. ఒక రైలు బయటికి పోతుంటే మరొకటి బయట సిగ్నల్ దగ్గర వేచి ఉండవలసి రావడం, మర్రిపాలెం దాటాక ఊరి దీపాలు కనిపిస్తున్నా పావుగంట ఆగిపోవడం ఆ గొంతు ఇరుకు వల్లే. ఇటువైపు మార్పులెన్ని జరిగినా 1890ల నాటి మూల నిర్ణయం మారలేదు.

జ్ఞానాపురం వైపు గేటు నుంచి రావచ్చా?

తప్పకుండా. 1వ నంబరు ప్లాట్‌ఫారం దొండపర్తి వైపు ఉంటే, 8వది జ్ఞానాపురం వైపు ఉంది. అటూ టికెట్ కౌంటర్లున్నాయి. కంచరపాలెం, గాజువాక, పాత పట్టణం వైపు నుంచి వచ్చేవాళ్లకు ఆ ద్వారమే సుఖం. మీ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదకు వస్తుందో చూసుకుని ద్వారం ఎంచుకుంటే వంతెన మీద సామాను మోసే బాధ తప్పుతుంది.

జ్ఞానాపురానికి తన చరిత్ర తనకుంది. క్రైస్తవ కుటుంబాల పేటగా పెరిగిన ఆ ప్రాంతంలో సెయింట్ పీటర్స్ కేథడ్రల్ చూడదగ్గది. తెల్లవారుజామున దిగితే ఆ పక్కనే టోకు కూరగాయల మార్కెట్ సందడి కూడా కనిపిస్తుంది.

రేవు కోసమే ఈ స్టేషన్ కట్టారంటారు. నిజమేనా?

తలకిందులు. స్టేషన్ ముందు, రేవు తర్వాత. రైలు 1890ల్లో వచ్చింది. లోపలి రేవులోకి మొదటి ఓడ ‘జలదుర్గ’ వచ్చింది 1933 అక్టోబరు 7న. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. మధ్యలో దాదాపు నలభై ఏళ్లు. ఉప్పుటేటి బురదను తవ్వి, ముఖద్వారం దగ్గర ఇసుక మేట వేయకుండా రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపి ఆ పని సాధించారు.

రేవు వెనక రైలు కంపెనీ ఆసక్తి మాత్రం బలంగా ఉంది. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కు కొండల గుండా వెళ్లే లైను 1931లో పూర్తయింది. మధ్యపరగణాల మాంగనీస్ ఖనిజం సముద్రం చేరడానికి అది దగ్గరి దారి. లైను 1931, రేవు 1933. తేదీలు పక్కపక్కన పెడితే ఉద్దేశం వేరే చెప్పనక్కర్లేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేయడానికి కారణం కూడా ఆ రేవే.

అరకు రైలు వెళ్లే లైను కూడా అప్పటిదేనా?

కాదు, అది స్వతంత్ర భారతం కట్టింది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేసే ఒప్పందం 1960లో కుదిరాక, కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల లైను తూర్పు కనుమలను తొలిచి వేశారు. 1960ల రెండో సగంలో తెరుచుకుంది. సొరంగాలు 58. శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. ఆ బరువు లాగే ఇంజన్ల కోసమే వాల్తేరులో 1965లో డీజిల్ షెడ్డు వచ్చింది. 1980ల తొలి ఏళ్లకే ఈ కొండదారికి విద్యుత్ లైను పడింది. హౌరా, చెన్నై ప్రధాన మార్గమంతా విద్యుదీకరణ పూర్తయింది 2005కు. మెయిలు రైలు కన్నా ఖనిజం ముందు కరెంటు చూసిందన్నమాట.

అరకు రైల్లో అద్దాల పెట్టె (విస్టాడోమ్) కావాలంటే ముందే రిజర్వు చేసుకోండి. 2017 ఏప్రిల్‌లో ప్రవేశపెట్టినప్పటి నుంచి శీతాకాలంలో దానికి గిరాకీ ఎక్కువ.

చిన్న పట్టాల రైలు విశాఖకు వచ్చేదా?

రాలేదు. మీరు విన్నది పర్లాకిమిడి రైలు గురించి అయి ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన నారోగేజి అది. 1931లో గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆపి, బ్రాడ్‌గేజిగా మార్చి 2011లో మళ్లీ నడిపారు. వాల్తేరు డివిజన్ కింద ఉండేది కాబట్టి ఇక్కడి రైల్వేవాళ్ల కబుర్లలో తరచూ వినిపిస్తుంది.

రైలుకు నాలుగైదు గంటల సమయముంది. దగ్గర్లో పాత కట్టడాలేమి చూడవచ్చు?

బీచ్ రోడ్డుకు పరుగెత్తకండి. పాత పట్టణం వైపు వెళ్లండి. దారిలో పూర్ణా మార్కెట్ దగ్గర టర్నర్ సత్రం ఉంది. 19వ శతాబ్దం చివరి భాగంలో ఇక్కడ కలెక్టర్‌గా చేసిన టర్నర్ పేరు మీద, ఊరికి వచ్చే బాటసారుల కోసం కట్టినది. స్టేషన్‌తో నేరుగా సంబంధం లేకపోయినా, రైలు దిగినవాడు రాత్రి ఎక్కడ తలదాచుకునేవాడో ఊహించడానికి ఇంతకు మించిన చోటు లేదు. నా దృష్టిలో స్టేషన్ కన్నా ముందు కాపాడవలసింది దీన్ని.

అక్కడి నుంచి 1914 నాటి కురుపాం మార్కెట్, క్వీన్ మేరీ బాలికల పాఠశాల, టౌన్ హాలు చూసుకుంటూ రేవు దగ్గరి కొండలకు చేరవచ్చు. పక్కపక్కనే ఉన్న గుట్టల మీద చర్చి, దర్గా, వేంకటేశ్వరుడి గుడి ఉంటాయి. చర్చి ఉన్నది రాస్ హిల్. పైకెక్కితే ఓడలు లోపలికి వచ్చే కాలువ, ఎదురుగా యారాడ కొండ కనిపిస్తాయి. రైలు ఇక్కడితో ఎందుకు ఆగిపోయిందో పటం లేకుండానే అర్థమవుతుంది. తిరుగు ప్రయాణంలో సమయం మిగిలితే, 1923 నాటి కింగ్ జార్జ్ ఆసుపత్రి పాత భవనాలను ఆటోలోంచే చూడండి. లోపల రోగులుంటారు, అది చూడటానికి పోయే చోటు కాదు.

వాల్తేరు డివిజన్ పోయిందంటున్నారు. స్టేషన్‌కు ఏమవుతుంది?

ప్రయాణికుడికి ఏమీ కాదు. 2019 ఫిబ్రవరి 27న విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్ ప్రకటించారు. మొదట వాల్తేరు డివిజన్‌ను రద్దు చేస్తామన్నారు, ఊరు ఒప్పుకోలేదు. 2025 జనవరి 8న జోన్ కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. తర్వాతి నెలలో కేంద్ర మంత్రివర్గం డివిజన్‌ను కుదించి, విశాఖపట్నం డివిజన్ పేరుతో కొనసాగించాలని నిర్ణయించింది. సుమారు 410 కిలోమీటర్లు ఇక్కడ ఉంటాయి, కొండ లైన్లలో ఎక్కువ భాగం రాయగడ డివిజన్‌కు వెళ్తుంది. ఖనిజం రవాణా ఆదాయం వెళ్లిపోతుందన్న బాధ ఇక్కడ ఇంకా ఉంది. అందులో అర్థముంది.

కొత్త స్టేషన్ కడుతున్నారు కదా, పాతవి కూల్చేస్తారా?

పునరభివృద్ధికి 2022 నవంబరు 12న ప్రధాని శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం సుమారు 450 కోట్ల రూపాయలు. రోజుకు 75 వేల మంది ప్రయాణికులను తట్టుకునేలా రూపొందించారు. 2017లో శుభ్రతలో దేశంలోని పెద్ద స్టేషన్లలో మొదటి స్థానం తెచ్చుకున్న స్టేషన్ ఇది, కాబట్టి ఆశ పెట్టుకోవచ్చు. అయితే ఒక సంగతి. అద్దాల ముఖద్వారం ఎంత గొప్పగా కట్టినా మర్రిపాలెం వైపు గొంతు వెడల్పు కాకపోతే రైలు బయట ఆగడం ఆగదు. పాత రైలుపట్టా గుంజలు, పెంకుటిళ్ల క్వార్టర్లు తీసేముందు కనీసం ఫొటోలు తీసి, కొలతలు రాసి దాచిపెడితే పెద్ద ఖర్చేమీ కాదు.

ఫొటోలు తీసుకోవచ్చా?

మీ జ్ఞాపకం కోసం ఫోనుతో తీసుకుంటే సాధారణంగా ఎవరూ అడ్డుచెప్పరు. సినిమా, ప్రకటనలు, డబ్బు వచ్చే ఏ పనికైనా రైల్వే అధికారుల నుంచి ముందే అనుమతి తీసుకోవాలి. రేవు, నౌకాదళం ఉన్న ఊరు ఇది. భద్రతా సిబ్బంది వద్దంటే వాదించకండి. రైలు ఎక్కేది లేకపోతే ప్లాట్‌ఫారం టికెట్ కొనండి, 10 రూపాయలు, రెండు గంటలు చెల్లుతుంది. ఇంజన్ మార్పిడి చూడటానికి ఆ రెండు గంటలు బాగా సరిపోతాయి.

పట్టాల మీదకు మాత్రం దిగవద్దు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పైగా విద్యుత్ ఇంజన్లు చప్పుడు లేకుండా వస్తాయి. కప్లింగ్ విప్పడం ప్లాట్‌ఫారం మీద నిలబడే స్పష్టంగా కనిపిస్తుంది. 1వ నంబరు మీద జనం ఎక్కువ, మధ్య ప్లాట్‌ఫారాలైతే రెండు వైపులా రైళ్లను చూడవచ్చు.